ఛార్జింగ్‌లో వేడెక్కే ల్యాప్‌టాప్ బ్యాటరీ: కారణం తేల్చుకుని సరిచేసుకునే క్రమం

ఛార్జింగ్ పెట్టిన ల్యాప్‌టాప్ కొంత వెచ్చబడటం సహజమే. బ్యాటరీలోకి కరెంటు వెళుతున్నప్పుడు దాని అంతర్గత నిరోధం వల్ల కొంత శక్తి వేడిగా మారుతుంది. ఛార్జర్ నుంచి వచ్చే 19 లేదా 20 వోల్టులను బ్యాటరీకి తగిన వోల్టేజీకి మార్చే సర్క్యూట్ మదర్‌బోర్డు మీద ఉండి మరికొంత వేడిని పుట్టిస్తుంది. అదే సమయంలో వీడియో కాల్‌లోనో గేమ్‌లోనో ఉంటే ప్రాసెసర్ వేడి ఈ రెండింటినీ మించిపోతుంది. ఈ మూడూ రెండు సెంటీమీటర్ల మందం కూడా లేని పెట్టెలో కలిసిపోతాయి కాబట్టి, చెయ్యి ఆనించి చూసినవారికి బ్యాటరీయే కాలిపోతున్నట్టు అనిపిస్తుంది. రిపేరు షాపులో కూడా చాలాసార్లు మొదట వినిపించే సలహా బ్యాటరీ మార్చమనే. కొత్త బ్యాటరీ వేసిన వారం తరువాత కూడా అదే వేడి ఉంటే డబ్బు పోయిందే తప్ప కారణం కదలలేదన్నమాట. అందువల్ల ఈ మార్గదర్శిలో మరమ్మతు కంటే కారణం తేల్చుకోవడానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఆ పనికి కీలకమైన పరీక్ష ఒకటుంది. దానికి ఖర్చు లేదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ముందుగా ఉబ్బు, వాసన చూసుకోవాలి

ఏ పరీక్షకైనా ముందు ల్యాప్‌టాప్‌ను ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, చదునైన బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ బల్లకు ఆనుతున్నాయా, లేక మధ్యలో ఏదో ఉన్నట్టు ఊగుతున్నదా అన్నది చూడండి. తరువాత మూత తెరిచి కంటిని బల్ల ఎత్తుకు దించి పక్కనుంచి చూస్తే టచ్‌ప్యాడ్ చుట్టూ ఉన్న సన్నని సందు అన్ని వైపులా సమానంగా ఉండాలి. బ్యాటరీ ఉబ్బడం మొదలైతే తొలి లక్షణాలు సాధారణంగా ఇక్కడే కనిపిస్తాయి: టచ్‌ప్యాడ్ ఒక అంచున పైకి లేస్తుంది, నొక్కితే క్లిక్ పడదు, లేదా నొక్కకుండానే నొక్కినట్టు పని చేస్తుంది. చాలామంది దీన్ని టచ్‌ప్యాడ్ జబ్బు అనుకుని డ్రైవర్లు మార్చుతూ నెలలు గడుపుతారు. కీబోర్డు మధ్యలో ఎత్తుగా కనిపించడం, మూత పూర్తిగా మూసుకోకపోవడం, కింది ప్లేటు అతుకు విచ్చుకోవడం కూడా అదే కోవలోవి.

ఉబ్బు కనిపించినా, నెయిల్ పాలిష్ తీసే ద్రవం లాంటి తియ్యని ఘాటు వాసన వచ్చినా పరీక్షలన్నీ అక్కడితో ఆపేయాలి. మళ్ళీ ఛార్జర్ తగిలించకూడదు. ఈ వ్యాసంలో చివరి రెండు భాగాలు మాత్రమే మీకు వర్తిస్తాయి. నేరుగా అక్కడికి వెళ్ళండి.

మీ మోడల్‌ను తయారీదారు వెనక్కి పిలిచారేమో చూసుకోవడం కూడా ఈ దశలోనే చేయదగిన పని. 2006లో డెల్ సంస్థ సోనీ సెల్స్ (బ్యాటరీ లోపల ఉండే చిన్న విడి బ్యాటరీలు) ఉన్న సుమారు 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచింది. 2019 జూన్‌లో ఆపిల్, 2015 సెప్టెంబరు నుంచి 2017 ఫిబ్రవరి మధ్య ఎక్కువగా అమ్ముడైన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో కొన్నింటి బ్యాటరీలు వేడెక్కి ప్రమాదం కలిగించవచ్చని ప్రకటించి ఉచితంగా మార్చింది; అదే ఏడాది ఆగస్టులో మన పౌర విమానయాన డైరెక్టరేట్ ఆ ల్యాప్‌టాప్‌లను విమానాల్లోకి తీసుకురావద్దని కోరింది. పాత ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు ముఖ్యంగా, అడుగున ఉన్న సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోవాలి.

వేడి ఎక్కడ పుడుతోంది

ఇప్పటి సన్నని ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటిలోనూ బ్యాటరీ మనం అరచేతులు ఆనించే భాగం కింద, టచ్‌ప్యాడ్‌కు అటూ ఇటూ పరచుకుని ఉంటుంది. ప్రాసెసర్, దాని ఫ్యాను, రాగి గొట్టాలు కీబోర్డు పై వరుసల కింద, స్క్రీన్ మడతకు దగ్గరగా ఉంటాయి. ఛార్జింగ్ సర్క్యూట్ సాధారణంగా ఛార్జర్ గుచ్చే రంధ్రం ఉన్న వైపున ఉంటుంది. కాబట్టి వేడి ఉన్న చోటే సగం సమాధానం చెబుతుంది. అంకెల వరుస దగ్గర చురుక్కుమంటూ అరచేతుల కింద చల్లగా ఉంటే అది బ్యాటరీ వేడి కాదు. అరచేతుల కింద వేడిగా ఉండి పైభాగం మామూలుగా ఉంటే బ్యాటరీని అనుమానించవచ్చు. రంధ్రం చుట్టూ రెండు మూడు అంగుళాల మేర మాత్రమే వేడి ఉంటే వదులైన కనెక్షన్‌ను, లేదా ఛార్జింగ్ సర్క్యూట్‌ను చూడాలి.

చేతి స్పర్శ మంచి సూచికే గాని కొలమానం కాదు. కొవిడ్ కాలంలో కొన్న నుదుటి థర్మామీటరు చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. అందులో శరీరం, వస్తువు అని రెండు పద్ధతులు ఉంటే వస్తువు పద్ధతికి మార్చి వాడుకోవచ్చు. శరీర పద్ధతిలో అది 43 డిగ్రీల లోపు అంకెలే చూపుతుంది, పైగా చర్మానికి తగినట్టు లెక్క సవరించి చూపుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. మెరిసే అల్యూమినియం ఒళ్ళున్న ల్యాప్‌టాప్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు అసలు కంటే తక్కువ వేడిని చూపుతాయి. కొలిచే చోట ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, రెండు నిమిషాలు ఆగి, ఆ టేపు మీద కొలిస్తే అంకె నమ్మదగినదిగా ఉంటుంది.

ఎంత వేడి ఎక్కువ? లిథియం అయాన్ సెల్స్ తయారీదారులు ఛార్జింగ్‌కు సాధారణంగా ఇచ్చే పరిధి 0 నుంచి 45 డిగ్రీలు. ఇది సెల్ లెక్క. బయట ప్లేటు మీద మనం చూసే అంకె సెల్ వేడి కంటే కొంత తక్కువే ఉంటుంది. గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు బ్యాటరీ ఉన్న చోట ప్లేటు 35 నుంచి 40 వరకు వెళ్ళడం మామూలే. 45 దాటి అక్కడే నిలబడితే కారణం వెతకాలి. అరచేతిని పది సెకన్లు కూడా ఆనించి ఉంచలేకపోతే ఛార్జర్ తీసేయడమే మంచిది.

అసలు పరీక్ష: ఆఫ్ చేసి ఛార్జ్ చేయడం

బ్యాటరీ 20 శాతానికి తగ్గేదాకా వాడి, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆఫ్ చేయండి. విండోస్‌లో మామూలు షట్‌డౌన్ కొన్నిసార్లు సగం నిద్రలాంటి స్థితిలో ఆపుతుంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఎంచుకుంటే పూర్తిగా ఆగుతుంది. మూత మూయడం షట్‌డౌన్ కాదు. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు మూత మూసినా లోపల మేలుకునే ఉండి మెయిళ్ళు, అప్‌డేట్లు తెచ్చుకుంటూ ఉంటాయి. అరగంట చల్లారనిచ్చి, చదునైన చెక్క లేదా రాతి బల్ల మీద పెట్టి, కంపెనీ ఇచ్చిన ఛార్జర్‌తో ఛార్జింగ్ మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలకు, అరగంటకు, గంటకు, నిండిన తరువాత మరో గంటకు నాలుగు చోట్ల వేడి చూడండి: ఎడమ అరచేయి, కుడి అరచేయి, ఛార్జింగ్ రంధ్రం పక్క, ఛార్జర్ ఇటుక (కేబుల్ మధ్యలో ఉండే పెట్టె). గది వేడిని కూడా కాగితం మీద రాసుకోండి.

ఈ సమయాలు ఊరికే ఎంచుకున్నవి కావు. లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జింగ్ రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో స్థిరమైన కరెంటు లోపలికి వెళుతుంది, వోల్టేజీ పెరుగుతూ పోతుంది. ఒక్కో సెల్ సుమారు 4.2 వోల్టులకు, కొన్ని రకాల్లో అంతకంటే కొంచెం ఎక్కువకు చేరాక వోల్టేజీని అక్కడ నిలిపి కరెంటును క్రమంగా తగ్గించుకుంటూ వస్తారు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు సగమైతే ఆ వేడి నాలుగో వంతు అవుతుంది. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మొదటి గంటలో వెచ్చబడి, 80 శాతం దాటాక చల్లారుతూ, నిండాక గది వేడికి దగ్గరపడాలి. గంటల తరబడి నిండుగా ఉండి, ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉండి కూడా అరచేయి భాగం వేడిగానే ఉంటే అది మామూలు ఛార్జింగ్ వేడి కాదు; ఒక సెల్ లోపల దెబ్బతిని ఉండవచ్చు, లేదా ఛార్జింగ్‌ను ఆపవలసిన సర్క్యూట్ ఆపడం లేదు. ఈ స్థితిలో ఇంట్లో చేయగలిగిందేమీ లేదు, సర్వీస్ సెంటరుకే వెళ్ళాలి.

ఎడమ వైపు కంటే కుడి వైపు, లేదా కుడి కంటే ఎడమ స్పష్టంగా వేడిగా ఉండటం కూడా గమనించదగిన విషయం. బ్యాటరీలోని సెల్స్ అన్నీ ఒకే వయసువి, ఒకే కరెంటును పంచుకుంటున్నవి. ఒక్క చోటే ఏడెనిమిది డిగ్రీల తేడా వస్తే అక్కడి సెల్ మిగతావాటికంటే ముందుగా అలసిపోయిందనుకోవచ్చు. అయితే ఛార్జింగ్ సర్క్యూట్ కూడా అదే వైపు ఉందేమో చూసుకుని నిర్ణయానికి రండి.

ఆఫ్‌లో ఉండగా అంతా మామూలుగా ఉండి, ఆన్ చేసి పని చేస్తూ ఛార్జ్ చేసినప్పుడు మాత్రమే వేడెక్కితే మీ బ్యాటరీ చాలావరకు నిర్దోషి. ఇళ్ళలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రకానివే అని నా అభిప్రాయం.

ఛార్జర్, కేబుల్, ప్లగ్గు

పరీక్షలో ఛార్జర్ ఇటుకగాని, రంధ్రంగాని ఎక్కువ వేడెక్కితే ముందు ఛార్జర్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ఔట్‌పుట్ అన్న చోట 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణిస్తే 65 వాట్లు. ల్యాప్‌టాప్ అడుగున రాసిన వోల్టేజీ దీనితో సరిపోవాలి. వాట్లు కనీసం అంతే ఉండాలి. ఎక్కువ వాట్ల ఛార్జర్ వల్ల ప్రమాదం లేదు, ఎందుకంటే ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. 65 వాట్లు కావలసిన ల్యాప్‌టాప్‌కు 45 వాట్ల ఛార్జర్ తగిలిస్తే మాత్రం అది మొత్తం సమయం తన పరిమితి అంచున పనిచేసి వేడెక్కుతుంది. పని ఎక్కువైనప్పుడు బ్యాటరీ నుంచి కూడా కరెంటు పోయి, మళ్ళీ నిండుతూ, ఆ రాకపోకలతో బ్యాటరీ అనవసరంగా వెచ్చబడుతుంది.

టైప్ సి ఛార్జర్ల దగ్గర కేబుల్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు టైప్ సి కేబుల్ 3 ఆంపియర్లకు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లకు సరిపోతుంది. 100 వాట్లకు 5 ఆంపియర్ల కేబుల్ కావాలి, దాని లోపల ఆ సంగతి చెప్పే చిన్న చిప్ ఉంటుంది. ఫోనుతో వచ్చిన సన్నని కేబుల్‌తో ల్యాప్‌టాప్ ఛార్జ్ చేసే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది.

బజారులో దొరికే చవక ఛార్జర్ల విషయంలో కచ్చితంగానే ఉండాలి. మన దేశంలో ల్యాప్‌టాప్ ఛార్జర్లకు, లిథియం బ్యాటరీలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే అది ఎవరి పేరున, ఏ వస్తువుకు నమోదైందో తెలుస్తుంది. నంబరే లేకపోయినా, ఉన్న నంబరు వేరే వస్తువుది అయినా ఆ ఛార్జర్‌ను వాడవద్దు.

గోడ దగ్గర పరిస్థితి కూడా చూడాలి. పాత స్విచ్ బోర్డుల్లో సాకెట్ వదులై ప్లగ్గు ఊగుతుంటే ఆ అతుకు దగ్గర వేడి పుడుతుంది, చిటపటమని చిన్న శబ్దం కూడా వస్తుంది. ప్లగ్గు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందంటే కొంతకాలంగా అక్కడ కాలుతోందని అర్థం. అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ల్యాప్‌టాప్‌లతో ఈ ఇబ్బంది ఎక్కువ. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు అది చక్కగా పనిచేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. చిక్కంతా బల్లపరుపు పిన్నుల ప్లగ్గును మన సాకెట్‌కు కలపడానికి కొన్న ముప్పై రూపాయల కన్వర్టర్‌తోనే. అది వదులుగా ఉంటుంది, చాలా వాటిలో ఎర్త్ ఉండదు. ఛార్జర్ ఇటుకకు గోడ వైపు కేబుల్ విడిగా ఊడివచ్చేదైతే, మన మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న కేబుల్ కంప్యూటర్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. ఎర్త్ సరిగా అందితే లోహపు ఒళ్ళున్న ల్యాప్‌టాప్‌ను తాకినప్పుడు వచ్చే జుమ్ముమనే స్పర్శ కూడా పోతుంది.

కరెంటు పోయినప్పుడు పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఛార్జ్ చేస్తే ఛార్జర్ గుయ్యిమంటూ మామూలు కంటే వేడెక్కవచ్చు. ఆ కాసేపు బ్యాటరీ మీదే పని కానిచ్చుకోవడం మేలు.

గది వేడి, పరుపు, సంచి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న నేలలో ఈ భాగాన్ని దాటవేయలేము. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల మధ్యాహ్నం నీడలోనే 45 డిగ్రీల దాకా వెళ్ళే రోజులుంటాయి. పైన చెప్పిన 0 నుంచి 45 డిగ్రీల పరిధిని గుర్తు చేసుకుంటే, గదే 40 దగ్గర ఉన్నప్పుడు బ్యాటరీకి మిగిలిన వెసులుబాటు ఎంత తక్కువో తెలుస్తుంది. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల గదిలో వాడమని చెబుతుంది. మిగతా కంపెనీల సూచనలూ చాలావరకు ఇదే పరిధిలో ఉంటాయి. సీలింగ్ ఫ్యాను కింద రేకుల ఇంట్లోనో, పై అంతస్తులోనో పనిచేసేవారు వేసవిలో తెల్లవారుజామున గాని రాత్రి పది దాటాక గాని ఛార్జ్ చేసుకుని, మధ్యాహ్నం బ్యాటరీ మీద వాడుకోవడం మేలు. డిశ్చార్జ్‌కు సెల్స్ ఓర్చుకునే వేడి ఎక్కువ, మామూలుగా 60 డిగ్రీల వరకు.

చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ వేడి హద్దు దాటితే ఛార్జింగ్‌ను తామే ఆపేస్తాయి. ఛార్జర్ తగిలించి ఉన్నా శాతం పెరగడం లేదని వేసవిలో కంగారుపడేవారు ముందు చల్లని చోటికి మార్చి చూడండి. ఆ ఆగడం లోపం కాదు, రక్షణ. చల్లార్చడానికి ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. బయటికి తీయగానే లోపల తేమ పట్టి మదర్‌బోర్డు పాడవుతుంది.

పరుపు, బొంత, దిండు, ఒడి, సోఫా: వీటి మీద పెట్టి ఛార్జ్ చేస్తే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. పరుపు మీద తప్పదనుకుంటే కింద గట్టి అట్ట కాక చెక్క పలక, లేదా స్టీలు పళ్ళెం పెట్టండి. ఛార్జ్ చేసిన వెంటనే సంచిలో పెట్టి జిప్పు వేయడం కూడా ఇలాంటిదే. లోపల మేలుకుని ఉన్న ల్యాప్‌టాప్ ఆ సంచిలో తన వేడిలో తానే ఉడుకుతుంది. సంచిలో పెట్టే ముందు షట్‌డౌన్ గాని హైబర్నేట్ గాని చేయాలి.

ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కితే

టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ వాడకం చూడండి. ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు కూడా అది 30, 40 శాతం దగ్గర నిలబడి ఉంటే వెనక ఏదో నడుస్తోంది: విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, వదిలేసిన బ్రౌజర్ ట్యాబులు, ఫొటోలు పంపుతున్న డ్రైవ్ ప్రోగ్రామ్. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను గరిష్ఠ వేగం నుంచి సమతుల్యానికో, పొదుపుకో మార్చితే చాలా తేడా వస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితి అన్న అంశం కనిపించే ల్యాప్‌టాప్‌లలో దాన్ని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే, చూడటానికి ఒక్క శాతమే అయినా, చాలా ప్రాసెసర్లలో టర్బో బూస్ట్ (మామూలు కంటే ఎక్కువ వేగానికి ఎగబాకే సదుపాయం) ఆగిపోయి వేడి గణనీయంగా తగ్గుతుంది. ఆఫీసు పనికి, ఆన్‌లైన్ తరగతులకు ఆ వేగం తగ్గుదల తెలియనే తెలియదు.

రెండు మూడేళ్ళు వాడిన ల్యాప్‌టాప్ అయితే దుమ్మును అనుమానించాలి. ఫ్యాను గాలి బయటికి పోయే చోట సన్నని లోహపు రేకుల వరుస ఉంటుంది. ఫ్యానుకూ ఆ రేకులకూ మధ్య దుమ్ము, దూదిపీచు, వెంట్రుకలు కలిసి కంబళి ముక్కలా పేరుకుంటాయి. బయటి రంధ్రంలోంచి చూస్తే రేకులు శుభ్రంగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ పొర లోపలి వైపున ఉంటుంది. అందువల్ల బయటినుంచి గాలి ఊదడం వల్ల అంత ప్రయోజనం ఉండదు. కింది ప్లేటు తీయడం వచ్చినవారు ఆఫ్ చేసి, ప్లేటు తీయగానే ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, ఫ్యాను రెక్కను అగ్గిపుల్లతో కదలకుండా పట్టి ఆ పొరను మెత్తని బ్రష్షుతో తీయాలి. రెక్కను పట్టకుండా బ్లోయర్‌తో ఊదితే ఫ్యాను అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. అలవాటు లేనివారు షాపులో శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు కూడా మార్పించుకోవచ్చు. వారంటీ ఉంటే మీరు విప్పకండి.

ఛార్జింగ్ వేగాన్ని, హద్దును తగ్గించడం

ఎప్పుడూ ఛార్జర్ తగిలించే పనిచేసేవారికి నేను మొదట చెప్పేది ఈ అమరికే. నిండుగా ఉండటం, వేడిగా ఉండటం రెండూ కలిస్తే లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న అంచనాల ప్రకారం పూర్తిగా నిండిన బ్యాటరీని 40 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే సామర్థ్యంలో సుమారు 35 శాతం పోతుంది. 25 డిగ్రీల దగ్గర 20 శాతం పోతుంది. అదే 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే 4 శాతమే పోతుంది. ముసలిదైన బ్యాటరీకి అంతర్గత నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే అదే కరెంటుకు మరింత వేడి పుడుతుంది, ఆ వేడి మళ్ళీ దాన్ని ముసలిదాన్ని చేస్తుంది. ఛార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపితే ఈ చక్రం నెమ్మదిస్తుంది.

లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అని, థింక్‌ప్యాడ్‌లలో ఛార్జ్ థ్రెషోల్డ్ అని ఉంటుంది. ఏసుస్‌లో మైఏసుస్ యాప్‌లో, ఏసర్‌లో కేర్ సెంటర్ యాప్‌లో 80 శాతం హద్దు పెట్టుకోవచ్చు. హెచ్‌పీ వ్యాపార మోడళ్ళలో ఆన్ చేస్తూనే ఎఫ్ 10 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే మూల అమరికల్లోకి) వెళితే బ్యాటరీ హెల్త్ మేనేజర్ కనిపిస్తుంది. డెల్‌లో ఎఫ్ 2 నొక్కితే బ్యాటరీ ఛార్జ్ అమరికలు ఉంటాయి. అక్కడ ఎక్స్‌ప్రెస్ ఛార్జ్ ఎంపికై ఉంటే స్టాండర్డ్‌కు గాని, ఎక్కువగా కరెంటు మీదే వాడతారన్న ఎంపికకు గాని మార్చండి. మ్యాక్‌లో ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ ఆన్‌లో ఉంచండి. అరగంటలో సగం నింపే ఫాస్ట్ ఛార్జింగ్ సదుపాయం ఆపే వీలుంటే వేసవిలోనైనా ఆపడం మంచిది. తీరిగ్గా రాత్రంతా బల్ల మీద ఉండే ల్యాప్‌టాప్‌కు ఆ తొందరతో పనేముంది? తయారీదారు విడుదల చేసిన బయోస్ అప్‌డేట్ ఉంటే అది కూడా వేసుకోండి. ఛార్జింగ్ తీరును సరిచేసే మార్పులు వాటిలోనే వస్తుంటాయి.

బ్యాటరీ వయసు చెప్పే నివేదిక

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్ అన్న మాట, దాని వెంట ఖాళీ లేకుండా సి, ఎఫ్, జి, ఆ తరువాత ఒక ఖాళీ, కుడివైపు వాలిన గీత, గీతను ఆనుకుని బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలను కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారై ఎక్కడ ఉందో అదే చెబుతుంది, బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ కొత్తప్పటి సామర్థ్యం, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఇప్పుడు నిండేది. మొదటిది 50,000, రెండోది 36,000 అయితే మిగిలింది 72 శాతం. 80 శాతం పైన ఉంటే వేడికి కారణం బ్యాటరీ వయసు కాకపోవచ్చు. 60 శాతం దిగువన ఉండి ఆఫ్ పరీక్షలో కూడా వేడెక్కితే మార్చే సమయం వచ్చింది. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో సైకిల్ కౌంట్ కనిపిస్తుంది; మొత్తం మీద ఒక నిండు బ్యాటరీకి సమానమైన వాడకం ఒక సైకిల్. ఈ మధ్య మోడళ్ళకు ఆపిల్ చెప్పే హద్దు 1000 సైకిళ్ళు.

బ్యాటరీ మార్చవలసి వస్తే

ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి బ్యాటరీ కొనకండి. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బ్యాటరీలు ఉంటాయి. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు, వోల్టేజీ, వాట్-అవర్లు మూడూ సరిపోవాలి. కంపెనీ సర్వీస్ సెంటరులో ఖరీదు ఎక్కువే, అయినా ఈ ఒక్క భాగానికి ఆ ఖర్చు పెట్టడమే తెలివైన పని అని నేననుకుంటాను. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో కొనేటట్టయితే ఆర్ నంబరు, తయారీ తేదీ చూసి, బిల్లు మీద పార్ట్ నంబరు, వారంటీ కాలం రాయించుకోండి. అసలు దాని కంటే సగం ధరకు ఎక్కువ సామర్థ్యం రాసి ఉన్న బ్యాటరీని నమ్మవద్దు. ప్యాక్ విప్పి సెల్స్ మాత్రం మార్చి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

కొత్తది వేశాక అదే ఆఫ్ పరీక్షను మొదటినుంచీ చేసి, పాత కాగితం పక్కన కొత్త అంకెలు రాయండి. అరచేయి భాగంలో వేడి తగ్గితే పని అయినట్టే. రంధ్రం పక్కన మాత్రం వేడి మునుపటిలా ఎక్కువగానే ఉంటే ఛార్జింగ్ సర్క్యూట్‌లో లోపం ఉండవచ్చు. ఆ కాగితాన్నే సర్వీస్ సెంటరులో చూపించి మదర్‌బోర్డు పరీక్షించమని అడగండి.

ఉబ్బిన బ్యాటరీ, పొగ, పాత బ్యాటరీని వదిలించుకోవడం

ఉబ్బిన ల్యాప్‌టాప్‌ను ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, మూతను బలవంతంగా మూయకుండా, పరుపులకూ కర్టెన్లకూ దూరంగా టైల్స్ నేల మీద ఎండ తగలని చోట ఉంచండి. లోపలి గ్యాసు పోతుందని సూదితో పొడవడం వీడియోల్లో కనిపిస్తుంది. అలా చేస్తే సెల్ లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి అక్కడికక్కడే మంటలు రావచ్చు. దాన్ని విమానంలోకి తీసుకువెళ్ళకూడదు, కొరియర్‌లో పంపకూడదు. సర్వీస్ సెంటరుకు ఫోన్ చేసి ఉబ్బిందని ముందుగా చెప్పి, వాళ్ళు చెప్పినట్టు స్వయంగా తీసుకువెళ్ళండి.

పొగ గాని బుసలాంటి శబ్దం గాని వస్తే చేత్తో పట్టుకోవద్దు. అందుబాటులో ఉంటే మెయిన్ స్విచ్ ఆపి, అందరినీ బయటికి పంపి, 101కు గాని 112కు గాని ఫోన్ చేయండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి కాబట్టి గదిలో నిలబడకూడదు. కరెంటు ఆపిన తరువాత, మంట చిన్నదై, దూరంగా నిలబడగలిగితే నీళ్ళు ఎక్కువగా పోయవచ్చు. నీళ్ళు పక్క సెల్స్‌ను చల్లార్చుతాయి. ఆరిందనుకున్నది గంటల తరువాత మళ్ళీ రాజుకోవచ్చు కాబట్టి ఇంట్లోకి తేవద్దు.

మామూలుగా అరిగిపోయిన పాత బ్యాటరీని పాత సామాన్ల వాడికి వేయడం, తడి పొడి చెత్త బుట్టల్లో పారేయడం రెండూ తప్పే. చెత్త బండిలో నలిగిన లిథియం బ్యాటరీ అక్కడే అంటుకోవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కనెక్టరు పిన్నుల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, విడి కవరులో పెట్టి, కొత్తది కొన్న చోటే ఇచ్చి తీసుకోమని అడగండి.